తిరిగి చేరే చోటు కాదది: మురో సైసే పది లైన్ల కవిత

"ఫురుసతో వ తోఓకి ని అరితే ఒమోఉ మోనో." జపాన్‌లో ఈ లైన్ తెలియనివాళ్ళు తక్కువ, రాసిందెవరో గుర్తులేనివాళ్ళకి కూడా లైన్ మాత్రం నోట్లో ఉంటుంది. సొంతూరంటే దూరంగా ఉండి తలుచుకునేది అని దానర్థం. ఆగస్టులో చనిపోయిన పెద్దల్ని తలుచుకునే ఓబోన్ పండగ వచ్చిందంటే, కొత్త సంవత్సరం సెలవులొచ్చాయంటే టోక్యో నుంచి జనం పిల్లాజెల్లాతో ఊళ్ళకి బయల్దేరతారు, ట్రైన్లు కిక్కిరిసిపోతాయి, హైవేల మీద కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి, అలాంటి రోజులకి ఈ లైన్ భలే అతికినట్టు ఉంటుంది. వినగానే తియ్యగా ఉంటుంది, చిన్నప్పటి ఏరు, ఇంటి ముందు చెట్టు, అమ్మ చేతి వంట అన్నీ కళ్ళముందు తిరుగుతాయి. ఇబ్బంది ఏంటంటే ఈ కవి చెప్పినదాంట్లో ఆ తీపి చాలా తక్కువ, ఆ అమ్మ అసలే లేదు.

కవిత మొత్తం పది లైన్లు. జనం నోట్లో నిలిచింది మొదటి రెండే, మూడో లైన్ దగ్గర అది అడ్డం తిరుగుతుంది. తెలుగులో దగ్గర దగ్గరగా చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

సొంతూరంటే దూరంగా ఉండి తలుచుకునేది
ఆపైన దిగులుగా పాడుకునేది
పోనీ
చితికిపోయి పరాయి నేల మీద బిచ్చగాణ్ణయినా సరే
తిరిగి చేరే చోటు కాదది
ఒంటరిగా పట్నపు సాయంత్రంలో
ఊరు తలుచుకుని కళ్ళు చెమర్చే
ఆ మనసుతోనే
దూరపు పట్నానికి తిరిగెళ్ళాలి
దూరపు పట్నానికి తిరిగెళ్ళాలి

రాసింది మురో సైసే. 'షోకేఇ ఇజో' అనే పేరు కింద ఆరు చిన్న కవితలున్నాయి, చిన్న చిన్న దృశ్యాలు, తేడాగా ఉన్న మనసు అని ఆ పేరుని అర్థం చేసుకోవచ్చు, వాటిలో ఇది రెండోది. 1913 మే నెలలో కవి కితహారా హకుషూ నడిపే 'జాంబోవా' పత్రికలో వచ్చింది, అప్పటికి సైసేకి ఇరవై నాలుగు కూడా నిండలేదు. తర్వాత 1918లో 'జోజో షోక్యోకుషూ' అనే ఆయన కవితల పుస్తకంలో చేరింది.

ఇక అసలు ప్రశ్న, ఈ మాటలంటున్న మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడు? పైపైన చదివితే టోక్యోలోనే అనిపిస్తుంది. ఊరొదిలి వచ్చిన కుర్రాడు, అద్దె గది, సాయంత్రం చీకటి పడుతుంటే ఊరు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అంతే కదా అనుకుంటాం. అలా చదివినవాళ్ళలో సామాన్యులే కాదు, సైసేకి జీవితాంతం స్నేహితుడిగా ఉన్న కవి హగివారా సకుతారో కూడా ఉన్నాడు. 'జాంబోవా'లో సైసే కవితలు చూసి, ముక్కూమొహం తెలియని మనిషికి ఉత్తరం రాసి స్నేహం మొదలుపెట్టినవాడు సకుతారో, ఇంత దగ్గరివాడు చెప్పాక ఇంకేం డౌట్ అనిపించడం సహజం.

కానీ చివరి రెండు లైన్లు ఆ సీన్‌కి లొంగవు. దూరపు పట్నానికి తిరిగెళ్ళాలి అంటున్నాడు. టోక్యోలోనే కూర్చున్నవాడికి టోక్యో దూరం ఎట్లా అవుతుంది, ఉన్నచోటికే తిరిగెళ్ళడమేంటి? ఈ కవిత ఊళ్ళో ఉండి అన్నదే అని తర్వాతి విమర్శకులు చాలామంది చదివింది అందుకే, కవిత లోపలి మాటల్ని బట్టి చూస్తే అదే సబబు. అంటే ఈ మనిషి ఊరికి దూరంగా లేడు, ఊరికి వచ్చేశాడు, ఊరి వీధుల్లోనే తిరుగుతూ ఊరంటే దూరంగా ఉండి తలుచుకునేది అంటున్నాడు. ఒక్కసారి ఇలా చదివితే మొదటి లైన్ రుచే మారిపోతుంది. ఎంతో ఆశపడి వచ్చి చూసి, మనసు విరిగినవాడు పళ్ళు బిగించి అన్న మాట అది, రాకుండా ఉంటే బాగుండేది అనే మాట. పట్నంలో సాయంత్రాలు తలుచుకుని ఏడ్చిన ఊరు ఒకటి, బండి దిగి నడిచిన ఊరు ఇంకొకటి, ఆ రెంటికీ పొంతన కుదరలేదు.

మధ్యలో కళ్ళు చెమర్చే లైన్ల సంగతేంటి మరి అంటే, జపనీస్ గ్రామర్‌లో ఆ రెండు లైన్లూ కింద వచ్చే 'కొకొరో', అంటే మనసు అనే మాటకి ముందు తగిలించిన విశేషణం లాగా పనిచేస్తాయి, తెలుగులో 'కళ్ళు చెమర్చే ఆ మనసు' అన్నట్టే. అది ఇప్పుడు ఇక్కడ జరుగుతున్న ఏడుపు కాదు, పట్నంలో ఉన్నప్పుడు తనలో ఉండే మనసు. ఆ మనసే తనకి కావాలంటున్నాడు, అది పట్నంలోనే దొరుకుతుంది, ఊళ్ళో దొరకట్లేదు. ఎంత బాధ ఉంటే ఒక మనిషి ఊరి మీద తనకున్న ప్రేమని బతికించుకోవడానికే ఊరొదిలి పారిపోవాలనుకుంటాడు! కవిత బలమంతా ఈ మెలికలోనే ఉంది, ఊరంటే ప్రేమ లేక వెళ్ళిపోవట్లేదు, ఇక్కడే ఉంటే ఉన్న ఆ కాస్త ప్రేమా చచ్చిపోతుందని వెళ్ళిపోతున్నాడు.

'తోఓకి' అంటే దూరమైన. ఈ మాట మొదటి లైన్‌లో సొంతూరి పక్కన ఉంది, మళ్ళీ చివరి రెండు లైన్లలో పట్నం పక్కన ఉంది. పది లైన్లలో దగ్గర అన్న మాట ఒక్కటీ లేదు. ఎక్కడున్నా రెండోది దూరం, ఏదీ తనది కాదు. అలాగే 'కయేరు' అనే క్రియ రెండుసార్లు వస్తుంది. ఐదో లైన్‌లో ఊరి గురించి, అది 'కయేరు' చోటు కాదు అని చెప్పేటప్పుడు దాన్ని చైనా అక్షరమైన కంజిలో రాశాడు. చివర్లో పట్నానికి 'కయేరాబయా' అనేటప్పుడు మాత్రం ఆ మాటని మెత్తగా ఒంపులు తిరిగే హిరగానా అక్షరాల్లో రాశాడు. పట్నం అనే మాటకీ ఇంతే, ఆరో లైన్‌లో కంజి, చివర్లో హిరగానా. సొంతూరు మాత్రం రెండుచోట్లా హిరగానాలోనే ఉంది. కావాలని చేశాడా అంటే చెప్పడం కష్టం, కానీ పేజీ మీద చూస్తే ఊరికి ఉన్న మెత్తదనం చివరికొచ్చేసరికి పట్నానికి కూడా వచ్చి చేరినట్టు కంటికే తెలుస్తుంది.

ఈ 'కయేరు' దగ్గర తెలుగులో చెప్పేటప్పుడు చిక్కొస్తుంది. మనకి తిరిగి రావడం, తిరిగి వెళ్ళడం అని రెండున్నాయి, మాట్లాడేవాడు ఎక్కడున్నాడో దాన్నిబట్టి ఒకటి ఎంచుకోవాల్సిందే. జపనీస్‌లో 'కయేరు' ఒక్కటే, అందులో రావడం వెళ్ళడం అనే లెక్క కంటే తన చోటు తను చేరుకోవడం అనే భావం ఎక్కువ. సాయంత్రం ఆఫీస్ నుంచి ఇంటికెళ్తే 'కయేరు', పరాయి దేశం నుంచి సొంత దేశం చేరితే 'కయేరు'. ఊరికే బజారుకి వెళ్తే ఆ మాట వాడరు. అలాంటి క్రియని ఊరి మీద నుంచి తీసేసి, అద్దె గది తప్ప ఏమీ లేని టోక్యోకి తగిలించాడు సైసే. తెలుగులో తిరిగెళ్ళాలి అంటే ఆ దెబ్బ సగమే తగులుతుంది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన ఇళ్ళల్లో గుమ్మం దాటేటప్పుడు వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలని చిన్నప్పుడే నేర్పుతారు. జపనీస్ ఇళ్ళల్లో కూడా సరిగ్గా అదే మాట ఉంది, 'ఇత్తెకిమాసు', వెళ్ళి వస్తాను అని. ఇంట్లో ఉన్నవాళ్ళు 'ఇత్తెరషాయి' అంటారు, వెళ్ళి రా అని. ఈ కవితలో ఆ జవాబు చెప్పేవాళ్ళు ఒక్కరూ కనిపించరు. పది లైన్లలో కవి తప్ప ఇంకో మనిషి లేడు, ఊరు ఉంది, పట్నం ఉంది, సాయంత్రం ఉంది, గుమ్మంలో నిలబడి సాగనంపే మనిషి మాత్రం లేడు. ఎందుకు లేడో తెలియాలంటే సైసే పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

ఆయన పుట్టింది 1889 ఆగస్టు 1న, జపాన్ సముద్రం వైపున్న కనజావాలో. ఆ ఊరు మామూలు ఊరు కాదు, మయెదా వంశం ఏలిన కాగా సంస్థానానికి కోట ఉన్న పట్నం, పరువు మర్యాదలు బాగా పట్టించుకునే చోటు. తండ్రి ఒకప్పటి సమురాయి, అప్పటికే అరవై దాటినవాడు, తల్లి ఆ ఇంట్లో పనిమనిషి. బయటికి తెలిస్తే పరువు పోతుందని బిడ్డ పుట్టిన వారానికే సై నది ఒడ్డున ఉన్న ఉహోయిన్ అనే చిన్న గుడి వాళ్ళకి ఇచ్చేశారు. అక్కడి పూజారితో కలిసి ఉండే అకాయి హత్సు అనే ఆవిడ తన బిడ్డగా రాయించుకుని పెంచింది, అలా ఎవరికీ అక్కర్లేని పిల్లలు ఆవిడ దగ్గర ఇంకా ఉండేవాళ్ళు, ఆవిడ చేతుల్లో ప్రేమ కంటే దెబ్బలే ఎక్కువని సైసే తర్వాత రాసిన వాటిని బట్టి తెలుస్తుంది. ఏడేళ్ళ వయసులో పూజారి దత్తత తీసుకుంటే మురో అనే ఇంటిపేరు వచ్చింది. 1898లో కన్నతండ్రి పోయాడు, ఆ వెంటనే కన్నతల్లి ఆ ఇల్లొదిలి ఎటో వెళ్ళిపోయింది. మళ్ళీ ఆవిణ్ణి ఆయన చూడలేదు, ఆవిడ పేరు విషయంలో కూడా పరిశోధకులకి ఏకాభిప్రాయం లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన ఒక హైకూ రాశాడు, ఎండాకాలపు రోజున ఒక నీచపు ఆడదాని కడుపున పుట్టాను అని దాని సారం. ఆ నీచపు అనే మాట లోకం వాళ్ళమ్మకి వేసిన ముద్ర, దాన్ని దాచకుండా తన పుట్టిన రోజు పక్కనే పెట్టుకుని రాశాడు, చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది.

కాబట్టి ఈయనకి సొంతూరు అంటే మనకి తోచే అమ్మానాన్నా, పెరడు, చుట్టాలు ఇవేవీ కావు. చదువు కూడా మధ్యలోనే ఆగిపోయింది, 1902లో స్కూల్ మాన్పించి కనజావా జిల్లా కోర్టులో బంట్రోతు కుర్రాడిగా పెట్టారు. అక్కడి పైఉద్యోగుల దగ్గరే హైకూ రాయడం నేర్చుకున్నాడు. 1910లో టోక్యో వెళ్ళాడు, డబ్బులుండేవి కావు, తినడానికి లేక ఊరికి రావడం, ఊళ్ళో ఇమడలేక మళ్ళీ టోక్యో పోవడం, కొన్నేళ్ళు ఇదే సరిపోయింది. ఇవాళ కనజావా నుంచి టోక్యో అంటే షింకాన్‌సేన్ బుల్లెట్ ట్రైన్‌లో రెండున్నర గంటలు, అది 2015 మార్చిలో మొదలైంది. అప్పట్లో దక్షిణంగా మైబారా దాకా దిగి అక్కణ్ణుంచి చుట్టు తిరిగి పోవాలి. సముద్రం అంచున ఉత్తరంగా వెళ్ళే హొకురికు లైన్ పూర్తయింది 1913 ఏప్రిల్‌లో, అంటే కవిత అచ్చవడానికి సరిగ్గా నెల ముందు. దూరపు పట్నం అన్నప్పుడు అది ఊరికే కవిత్వం కోసం వేసిన మాట కాదు, ఒళ్ళు హూనమయ్యే నిజమైన దూరం.

ఊరి మీద ఇంత బాధ ఉన్నా కలం పేరు మాత్రం ఊరి నుంచే తీసుకున్నాడు. సైసేలో 'సై' అంటే సై నదే, తను పెరిగింది ఆ నదికి పడమటి వైపు అని గుర్తుగా మొదట పెట్టుకున్న పేరు అది. మనుషులు చేసినదానికి నదిని తప్పుపట్టలేదన్నమాట. ఆయన కవితల్లో ఊరి ఏరు ఎంత బాగుంటుందో, ఊరి మనుషులు అంత అరుదు.

లయ సంగతి చూస్తే కోర్టులో నేర్చుకున్న హైకూ ఇక్కడ ఎలా పనికొచ్చిందో తెలుస్తుంది. మొదటి లైన్ని వేళ్ళ మీద లెక్కపెడితే ఫు-రు-స-తో-వ ఐదు, తో-ఓ-కి-ని-అ-రి-తే ఏడు, ఒ-మో-ఉ-మో-నో ఐదు, అచ్చం హైకూ కొలత. అంత పొందిగ్గా కుదరబట్టే ఆ లైన్ మిగతా కవిత నుంచి ఊడొచ్చి సామెతలా తిరుగుతోంది అనుకోవచ్చు. రెండో లైన్ ఏడు, ఐదు. పాట సాఫీగా సాగిపోతోంది అనుకునేలోపు మూడో లైన్ 'యోషియా', మూడంటే మూడే అక్షరాలు, లైనంతా అదే. పాత మాట అది, కానీ కానీ, పోనీ, అయితే అవనీ అనే తెగింపు అందులో ఉంది, మన 'పోనీ' దానికి బాగా దగ్గర. ఆ మూడక్షరాల తర్వాత చుట్టూ తెల్ల కాగితం, అక్కడ ఊపిరి ఆగుతుంది, ఆ వెంటనే బిచ్చగాడి లైన్ మళ్ళీ పూర్తి ఐదు ఏడు ఐదుతో వచ్చి పడుతుంది. మొదటి లైన్ తీపికి ఎంత కొలత ఇచ్చాడో బిచ్చగాడి బతుక్కి కూడా సరిగ్గా అంతే ఇచ్చాడు. బిచ్చగాడు అనడానికి కూడా అందరూ వాడే 'కొజికి' అనే ఉచ్చారణ వద్దని 'కతాయి' అనే పాత మాట పెట్టాడు. ఎనిమిదో లైన్ 'సోనో కొకొరో మోతె', ఆ మనసుతో, ఏడే ఉన్నాయి, రావాల్సిన ఐదు రాలేదు. గొంతు పూడుకుపోయినట్టు అక్కడ ఆగిపోయి, ఆఖరి మాట రెండుసార్లు అనేస్తాడు. మొదటిసారి కోరిక లాగా ఉంటుంది, రెండోసారి తనకి తనే గట్టిగా చెప్పుకుంటున్నట్టు ఉంటుంది.

అదే కాలంలో జపాన్ బడిపిల్లలకి సొంతూరి గురించి ఏం నేర్పారో పక్కన పెట్టి చూస్తే ఈ కవిత ఎంత ఎదురీదిందో అర్థమవుతుంది. 1914లో ఆరో తరగతి పాటల పుస్తకంలో 'ఫురుసతో' అనే పాట వచ్చింది, తకానో తత్సుయుకి రాసింది, ఇప్పటికీ అందరూ పాడతారు. కుందేళ్ళని తరిమిన కొండ, చేపలు పట్టిన ఏరు అంటూ మొదలై, అనుకున్నది సాధించి ఏదో ఒకరోజు తిరిగొస్తాను అని ముగుస్తుంది. పల్లెల నుంచి పిల్లలు ఫ్యాక్టరీలకి, కాలేజీలకి, ఉద్యోగాలకి పట్నాలు పోతున్న రోజులు అవి, పైకొచ్చి ఊరికి పేరు తేవాలి అనే మాట అందరికీ నచ్చిన మాట. ఆ పాట ప్రకారం గెలిచినవాడికి తిరుగుదారి ఉంది. గెలవనివాడి సంగతి పాటలో లేదు. సైసే సరిగ్గా ఆ గెలవనివాడి వైపు నుంచి, పాటకి ఒక ఏడాది ముందే, చితికిపోయి అడుక్కుతిన్నా సరే రాను అనేశాడు.

ఇలాంటి గాయం ఆయనొక్కడిదే కూడా కాదు. అంతకుముందే ఇషికావా తకుబొకు అనే కవి, రాళ్ళతో తరిమినట్టుగా ఊరొదిలి వచ్చిన బాధ ఎప్పటికీ పోదు అని తంకా, అంటే ముప్పై ఒక్క అక్షరాల చిన్న కవిత, రాశాడు, ఊరి యాస వినాలనిపించి స్టేషన్‌లో జనం మధ్యకి వెళ్ళి నిలబడతాను అని కూడా ఆయనే రాశాడు. తకుబొకు 1912లో ఇరవై ఆరేళ్ళకే పోయాడు, ఆ ఊరికి మళ్ళీ చేరలేదు. అయితే ఒక తేడా ఉంది. తకుబొకు కవితల్లో ఊరు దూరమైపోయింది, అదే బాధ. సైసే ఊరికి చేరాడు, చేరాక కూడా అది దూరంగానే ఉంది, ఆ బాధకి ట్రైన్ టికెట్ మందు కాదు.

రాను అన్న మనిషి నిజంగా రాలేదా అంటే, వచ్చాడు. 1923 ఆగస్టు చివర్లో టోక్యోలో ఆయనకి కూతురు పుట్టింది, నాలుగైదు రోజులకే, సెప్టెంబర్ 1న, మహా భూకంపం వచ్చి నగరం తగలబడిపోయింది. ఆ పసిగుడ్డునీ, భార్యనీ తీసుకుని ఆయన చేరింది కనజావాకే, ఏడాదికి పైగా అక్కడే ఉన్నాడు. తర్వాత అక్కడి తెంతోకుయిన్ గుడి స్థలంలో తోట కూడా వేసుకున్నాడు, రాళ్ళూ మొక్కలూ అంటే ఆయనకి ప్రాణం. దీన్ని చూపించి కవితలో అన్నదంతా కుర్రతనపు ఆవేశం అని తీసిపారేయడం సరికాదు. ప్రాణాల మీదికొచ్చినప్పుడు తలదాచుకోవడం వేరు, తిరిగి చేరడం వేరు, కవిత మాట్లాడింది రెండోదాని గురించి. 1941లో చివరిసారి ఊరెళ్ళి వచ్చాడు, 1962 మార్చి 26న టోక్యోలో పోయాడు, మధ్యలో ఇరవై ఏళ్ళు ఊరి మొహం చూడలేదు. సై నది ఫోటో ఒకటి గోడకి పెట్టుకుని చూసుకునేవాడు. ఇరవై నాలుగేళ్ళు నిండకుండా రాసిన మొదటి లైన్ని ఆ ఇరవై ఏళ్ళూ, డెబ్బై రెండేళ్ళ వయసులో పోయేదాకా, అక్షరాలా పాటించాడన్నమాట. సమాధి మాత్రం కనజావాలోనే, నోదయామా కొండ మీద ఉంది.

ఆయన పోయాక 1964లో సై నది ఒడ్డున ఊరివాళ్ళు ఆయన పేరు మీద ఒక రాయి నిలబెట్టారు, నీళ్ళల్లో వదిలే కాగితపు బొమ్మ ఆకారంలో ఉంటుంది, డిజైన్ చేసింది ఆర్కిటెక్ట్ తనిగుచి యోషిరో. దాని మీద చెక్కిన లైన్లు 'షోకేఇ ఇజో'లోవే, కాకపోతే దేశమంతా నోటికొచ్చిన రెండోది కాదు, ఆరోది. ఆప్రికాట్ చెట్టూ, పూలు పూయి, త్వరగా వెలుగు, మండిపో అని చెట్టుని పిలిచే కవిత అది. తిరిగి చేరే చోటు కాదది అనే మాట ఆ రాతి మీద లేదు, దాని పక్కనే నది పారుతోంది.